యూరిన్ ఇన్ఫెక్షన్‌కి అమికాసిన్ రాశారా? డోసు సరిచూసుకోవడం, కిడ్నీలూ చెవులూ కాపాడుకోవడం ఎలా

బెంగళూరులో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసే నన్ను తెలుగువాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. అమ్మో నాన్నో అనంతపురం నుంచో హిందూపురం నుంచో వచ్చారు. జ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రంలో మంట. మూత్రంలో ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. రిపోర్టు నిండా ‘ఆర్’లే (ఆ మందు పనిచేయదని), అమికాసిన్ పక్కన మాత్రం ‘ఎస్’ (పనిచేస్తుందని) ఉంది. డాక్టర్ గారు రోజుకో సూది చొప్పున రాసి, అడ్మిట్ అక్కర్లేదు, డే కేర్‌లో వేయించుకోండి అన్నారు. నెట్‌లో చూస్తే కిడ్నీలు పోతాయని, చెవుడు వస్తుందని ఉంది. వేయించాలా, వద్దా?

డాక్టర్ రాస్తే వేయించండి. భయపడి సగం డోసు వేయించడం, మధ్యలో మానేయడం ఇంకా ప్రమాదం. కానీ మూడు విషయాలు మీరూ చూసుకోవాలి: డోసు బరువును బట్టి వేశారా, రెండు డోసుల మధ్య గడువు కిడ్నీ పనితీరును బట్టి పెట్టారా, మధ్యలో రక్త పరీక్ష జరిగిందా. ఈ మూడింటినీ ఏ ల్యాబ్ రిపోర్టూ బోల్డ్ అక్షరాల్లో చెప్పదు.

ఇది చూసి సొంతంగా మందు కొని వేయించుకోవద్దు. రాసిన మందు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుని, అనుమానం వస్తే డాక్టర్‌ని సరైన ప్రశ్న అడగడానికే ఇది రాస్తున్నాను. గర్భిణులకు, పిల్లలకు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కింది లెక్కలు వర్తించవు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. అమికాసిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్ అమైనోగ్లైకోసైడ్లనే ఒకే యాంటీబయాటిక్ కుటుంబానికి చెందినవి. మింగితే ఒంటికి పట్టవు, అందుకే సూది. శరీరంలో మారకుండా కిడ్నీల గుండా మూత్రంలోకి వెళ్లిపోతాయి. కాబట్టి రక్తంలో కంటే మూత్రంలో ఎన్నో రెట్లు ఎక్కువగా చేరతాయి, యూరిన్ ఇన్ఫెక్షన్ మీద బాగా పనిచేస్తాయి. కిడ్నీ నెమ్మదిగా ఉంటే మాత్రం మందు రక్తంలోనే నిలిచి కిడ్నీ కణాల్లో, లోపలి చెవిలో పేరుకుంటుంది. కిడ్నీ దెబ్బ చాలామందిలో మందు ఆపితే కోలుకుంటుంది. చెవికి తగిలిన దెబ్బ మాత్రం సాధారణంగా నయం కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈరోజు తూచిన బరువు, ఎత్తు
- మందు మొదలుపెట్టకముందు చేసిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) రిపోర్టు, వీలైతే ఆరు నెలల క్రితంది కూడా
- యూరిన్ కల్చర్ రిపోర్టు
- వాడుతున్న మందులన్నీ (స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకురండి, పేర్లు గుర్తుండవు)
- ఒక చిన్న నోటుబుక్కు

1. అసలు ఈ సూది అవసరమేనా?

జ్వరం లేదు, మంట లేదు, నొప్పి లేదు, ఏదో హెల్త్ చెకప్‌లో కల్చర్ పాజిటివ్ వచ్చిందంతే అయితే, చాలామందికి ఏ యాంటీబయాటిక్కూ అక్కర్లేదు. గర్భిణులు, మూత్రనాళానికి సంబంధించిన ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు మినహాయింపు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఇలా ఊరికే వచ్చిన పాజిటివ్‌కి సూదులు పడిపోవడం తరచూ చూస్తుంటాను. ‘లక్షణాలేమీ లేవు కదా డాక్టర్, అయినా వేయాలా?’ అని అడగడంలో తప్పు లేదు.

జ్వరం లేకుండా మంట మాత్రమే ఉంటే, అంటే ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే, నైట్రోఫ్యురాంటోయిన్ మాత్రలు గానీ ఫాస్ఫోమైసిన్ పొడి గానీ సరిపోతాయేమో అడగండి. అమికాసిన్ పడినా ఒక్క డోసుతో అయిపోవచ్చు. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కి నైట్రోఫ్యురాంటోయిన్ పనికిరాదు. జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి ఉంటే దాంతో సరిపెట్టొద్దు.

కల్చర్ శాంపిల్ మొదటి సూదికి ముందే ఇవ్వాలి. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి, రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్నవాళ్లకు సంచిలోంచి తీసిన శాంపిల్ చెల్లదు. క్యాథెటర్ వేసి రెండు వారాలు దాటితే మార్చి, కొత్తదాంట్లోంచి తీయమని అడగండి.

బీపీ పడిపోవడం, మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఆగని వాంతులు: ఇవి డే కేర్ కేసులు కావు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

2. మొదటి సూదికి ముందు ఈ మాటలు చెప్పి తీరాలి

మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా చెప్పండి. ఈ మందులు కడుపులో బిడ్డ చెవులకు హాని చేయగలవు. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బు ఉంటే ఇవి వేయకూడదు. ఇదివరకే చెవుడు, చెవిలో మోత, తూలడం ఉంటే అదీ చెప్పాలి.

ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అమ్మ వైపు వాళ్లలో, అంటే అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనమామల్లో, టీబీకి సూదులు వేయించుకున్నాక చెవుడు వచ్చినవాళ్లు ఉన్నారా? అప్పట్లో టీబీకి వేసిన స్ట్రెప్టోమైసిన్, తర్వాత మొండి టీబీకి వేసిన కనామైసిన్ ఈ కుటుంబంలోవే. తల్లి నుంచి పిల్లలకు వచ్చే ఒక జన్యుమార్పు ఉంటే సరైన డోసుకు కూడా వినికిడి పోవచ్చు. ‘మామయ్యకు టీబీ సూదులతో చెవులు పోయాయి’ అన్న మాట డాక్టర్ చెవిన పడితే మందే మారుస్తారు.

వేరే మందుల సంగతి. వోవెరాన్ లాంటి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ నొప్పి మందులు ఈ రోజుల్లో వద్దు. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ వాడండి. పొద్దున ఆసుపత్రిలో అమికాసిన్, సాయంత్రం వీధి చివరి క్లినిక్‌లో ‘ఒళ్లు నొప్పులకి’ డైక్లో సూది: ఈ జోడీ కిడ్నీలను గట్టిగా దెబ్బతీయగలదు. లాసిక్స్ లాంటి ఒంట్లో నీరు తీసే మాత్రలు, వాంకోమైసిన్, కొలిస్టిన్, యాంఫోటెరిసిన్, సిస్‌ప్లాటిన్ వాడుతున్నా, డై ఎక్కించి సీటీ స్కాన్ తీసినా, తీయబోతున్నా ముందే చెప్పండి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలను మీరే ఆపేయకండి. ఈ కొద్ది రోజులు ఏం చేయాలో అడగండి.

3. బరువు తూచండి, డోసు లెక్క వేయండి

‘అమ్మ యాభై ఉంటుందండీ’ అని అందాజుగా చెప్పకండి. ఫార్మసీ దగ్గరి మెషీన్ మీదైనా ఎక్కించండి.

అమికాసిన్ మామూలుగా కిలోకు 15 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి. రోజుకు 1,500 మిల్లీగ్రాములు దాటదు. జెంటామైసిన్ అయితే కిలోకు 5 మిల్లీగ్రాములు. ఆసుపత్రి ప్రోటోకాల్‌ని బట్టి కొంత తేడా ఉండొచ్చు, రెట్టింపు తేడా మాత్రం ఉండకూడదు.

45 కిలోల అమ్మకు 45 × 15 = 675 మిల్లీగ్రాములు.

ఇప్పుడు వయల్ (సూది మందు చిన్న సీసా) చేతిలోకి తీసుకుని లేబుల్ చదవండి. అమికాసిన్ 500 మిల్లీగ్రాముల వయల్‌లో మందు 2 ఎంఎల్. 250 మిల్లీగ్రాముల వయల్‌లోనూ 2 ఎంఎల్. 100 మిల్లీగ్రాముల వయల్‌లోనూ 2 ఎంఎల్. పక్కపక్కన పెడితే సైజులో తేడా తెలియదు. అందుకే ‘నిన్న రెండు ఎంఎల్ వేశారు’ అంటే ఏమీ చెప్పనట్టే. ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే అడగండి, రాసుకోండి. 500 వయల్‌లో ఒక ఎంఎల్‌కు 250 మిల్లీగ్రాములు. కాబట్టి 675 కావాలంటే 2.7 ఎంఎల్, అంటే ఒక వయల్ పూర్తిగా, రెండోదాంట్లోంచి 0.7. రెండో వయల్‌లో మిగిలింది పారేయాల్సిందే. డబ్బు పోతుందని రేపటికి దాచమనకండి.

జెంటామైసిన్‌లో గందరగోళం ఇంకో రకం. 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములంటే 80 మిల్లీగ్రాముల వయల్స్ నాలుగు పగలగొట్టాలి. పాతకాలంలో రోజుకు రెండు మూడుసార్లు ఒక్కో 80 వేసేవాళ్లు. అది గుర్తున్నవాళ్లు నాలుగు వయల్స్ ఒకేసారి చూసి హడలిపోతారు. కంగారు వద్దు. ఈ మందు ఒకేసారి ఎక్కువ మోతాదులో అందితేనే సూక్ష్మజీవుల్ని గట్టిగా చంపుతుంది. తర్వాత ఒంట్లోంచి పూర్తిగా దిగిపోయే వ్యవధి కిడ్నీకి మంచిది.

లావుగా ఉన్నవాళ్లకు అసలు బరువుతో లెక్కేస్తే డోసు మితిమీరుతుంది. ఆడవాళ్లకు ఆదర్శ బరువు 45.5 కిలోలు, మగవాళ్లకు 50, దానికి ఐదడుగుల పైన ప్రతి అంగుళానికి 2.3 కలపాలి. అసలు బరువు దీనికంటే అయిదో వంతుకు మించి ఎక్కువుంటే, ఆ తేడాలో 40 శాతమే ఆదర్శ బరువుకు కలుపుకోవాలి. ఐదడుగుల రెండంగుళాలు, 85 కిలోల ఆవిడను తీసుకోండి: ఆదర్శ బరువు 50.1, తేడా 34.9, అందులో 40 శాతం 14, వెరసి 64 కిలోలు. డోసు 960 మిల్లీగ్రాములు. నేరుగా 85తో గుణిస్తే 1,275 అయ్యేది.

4. కిడ్నీ లెక్క (ఇది దాటేయకండి)

‘క్రియాటినిన్ నార్మల్ రేంజ్‌లోనే ఉంది కదా’ అన్న ఒక్క మాట వల్ల జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. క్రియాటినిన్ కండరాల్లోంచి వస్తుంది. బక్కపలచని పెద్దావిడకు కండే తక్కువ కాబట్టి, కిడ్నీ సగం పనిచేయకపోయినా అంకె అందంగానే కనిపిస్తుంది. అందుకే 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేస్తాం:

140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించండి. దాన్ని క్రియాటినిన్‌ను 72తో గుణించగా వచ్చినదానితో భాగించండి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించండి. వచ్చిన అంకెనే క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు.

క్రియాటినిన్ 1.1 ఉన్న ఇద్దరిని చూడండి.

అబ్బాయి: 30 ఏళ్లు, 70 కిలోలు. 110 × 70 = 7,700. దాన్ని 79.2తో భాగిస్తే 97.
అమ్మ: 68 ఏళ్లు, 45 కిలోలు. 72 × 45 = 3,240. 79.2తో భాగిస్తే 40.9. 0.85తో గుణిస్తే దాదాపు 35.

రిపోర్టులో ఇద్దరిదీ ఒకే అంకె. అమ్మ కిడ్నీ అబ్బాయిదాంట్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ పనిచేస్తోందంతే.

రోజుకొక డోసు పద్ధతిలో ఎక్కువగా పాటించే గడువులు ఇవి: లెక్క 60 లేదా ఆపైన వస్తే 24 గంటలకు ఒక డోసు. 40 నుంచి 59 మధ్యైతే 36 గంటలకు, 20 నుంచి 39 మధ్యైతే 48 గంటలకు. 20 కంటే తక్కువైతే ఈ పద్ధతే వద్దు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) చూడాలి. పైన చెప్పిన అమ్మకు రోజూ సూది రాసుంటే, ‘క్లియరెన్స్ 35 వస్తోంది డాక్టర్, గడువు పెంచాలా, లేక వేరే మందుకు మారొచ్చా?’ అని అడగండి. నన్నడిగితే అలాంటి మనిషికి మొదటి డోసు తర్వాత వేరే మందు దొరుకుతుందేమో వెతకడమే మేలు.

కిడ్నీ బలహీనంగా ఉందని డోసు సగానికి కోసి రోజూ వేయడం చాలాచోట్ల చేస్తుంటారు. దాంతో రక్తంలో మందు ఎత్తుకు చేరదు, పూర్తిగా దిగిపోనూ పోదు. కోయాల్సొస్తే ముందు గడువు చూడాలి, డోసు తర్వాత.

క్రియాటినిన్ రోజురోజుకూ మారుతున్నప్పుడు ఈ లెక్కను నమ్మకూడదు. నిన్న 0.9, ఈరోజు 1.6 అంటే అసలు కిడ్నీ పనితీరు లెక్కలో వచ్చినదానికంటే ఇంకా తక్కువ.

5. సూది రోజు

నరానికి వేస్తే సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంట వరకు ఎక్కించాలి. డే కేర్‌లో రద్దీగా ఉంది, తొందరగా వదిలేయండి అనకండి. సెఫ్‌ట్రయాక్సోన్, పిపెరాసిలిన్ లాంటి వేరే యాంటీబయాటిక్కులు కూడా రాసుంటే అదే సీసాలో, అదే సిరంజిలో కలపకూడదు. విడిగా, మధ్యలో లైన్ కడిగి ఇవ్వాలి. కండకు వేయడానికీ వీలుంది, కానీ రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు వద్దు.

డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పనివాళ్లు బాగా తాగాలి. ఒంట్లో నీరు లేకపోతే కిడ్నీ మీద దెబ్బ ఇంకా ఎక్కువ. వాంతులు, విరేచనాలు ఉంటే ఆ రోజు సూదికి ముందే చెప్పాలి.

నోటుబుక్కులో ప్రతి డోసుకూ రాయండి: తేదీ, మొదలైన టైము, ముగిసిన టైము, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ చేతికి. ఇది ఛాదస్తం కాదు. శనివారం ఆసుపత్రిలో, ఆదివారం ఇంటి దగ్గర నర్సింగ్ హోమ్‌లో, సోమవారం మళ్లీ ఆసుపత్రిలో వేయించుకునేవాళ్లకు డబుల్ డోసు పడేది ఇలాంటిచోటే. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మూడు గంటలు ఆలస్యమైతే కొంప మునగదు. కానీ ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి మర్నాడు ముందే వేయించకండి. గడువు లెక్క వేయాల్సింది నిజంగా వేసిన టైము నుంచే.

6. రక్త పరీక్ష

క్రియాటినిన్ మొదటిరోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి. పెద్దవాళ్లకు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు రోజూ. అదే ల్యాబ్‌లో చేయించండి. ఒకటి వైట్‌ఫీల్డ్‌లో, ఇంకోటి ఊళ్లో చేయిస్తే తేడా కిడ్నీదో మెషీన్‌దో తేలదు.

చూడాల్సింది అంకెను కాదు, పెరుగుదలను. 0.8 ఉన్నది 1.1 అయితే ల్యాబ్ వాళ్లు బోల్డ్ చేయరు, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ 0.3 పెరిగినా, మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లయినా అది కిడ్నీ దెబ్బకు గుర్తు. తర్వాతి సూది వేయకముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఇంకో చిక్కు: దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ క్రియాటినిన్ కదలదు. ఈ మందుతో కిడ్నీ దెబ్బతిన్నా మూత్రం బాగానే వస్తుంటుంది. ‘మూత్రం బాగా పోతోంది కదా’ అని పరీక్ష మానేయకండి.

మందు ఎంత నిలిచిందో చూసే డ్రగ్ లెవెల్ పరీక్ష, కిడ్నీ బాగున్నవాళ్లకు రెండు మూడు రోజుల కోర్సులో సాధారణంగా అక్కర్లేదు. అంతకంటే ఎక్కువ రోజులు సాగితే, వయసు పైబడితే, కిడ్నీ బలహీనమైతే అడగండి. తర్వాతి డోసుకు కాస్త ముందు రక్తం తీయాలి, మందు ఎక్కించిన చేతికి కాకుండా రెండో చేతి నుంచి. అమికాసిన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే, జెంటామైసిన్ 1 కంటే తక్కువుండాలి. ఎక్కువుంటే మందు దిగలేదని అర్థం. తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ని అడగాలి. చివరి డోసు టైము, రక్తం తీసిన టైము ఫారం మీద రాయించండి. టైములు లేని లెవెల్ దేనికీ పనికిరాదు. అన్ని ల్యాబుల్లో ఇది చేయరు కాబట్టి మొదటిరోజే ఫోన్ చేసి కనుక్కోండి.

7. చెవులు, తూలు

ఇది మీరు మాత్రమే చేయగలిగిన పని. సిస్టర్ కన్నడలోనో హిందీలోనో అడిగితే అమ్మ ‘బాగానే ఉన్నా’ అని తలూపేస్తుంది. మీరు రోజూ తెలుగులో, విడివిడిగా అడగండి: చెవిలో గుయ్‌మని మోత ఉందా? చెవి దిబ్బడ వేసినట్టుందా? ఫోన్‌లో మాట అందడం లేదా? మంచం మీంచి లేస్తే తూలుతోందా?

ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాల వినికిడి. మాటలు బాగానే వినిపిస్తుంటాయి. కాబట్టి ‘మాట్లాడితే పలుకుతోంది కదా’ అన్నది పరీక్ష కాదు. కోర్సు వారం దాటేట్టుంటే ముందే ఒక ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించి పెట్టుకోవడం మంచిది.

జెంటామైసిన్ ఎక్కువగా బ్యాలెన్స్‌ను దెబ్బతీస్తుంది, అమికాసిన్ వినికిడిని. బ్యాలెన్స్ చూడటానికి, చెయ్యి పట్టుకుని కారిడార్‌లో నడిపిస్తూ ఎదురుగా ఉన్న గోడ గడియారం అంకెలు చూడమనండి. నిలబడితే సరిగ్గా కనబడి, నడుస్తుంటే అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయంటే ఆ రోజు సూది ఆపి డాక్టర్‌కు చెప్పండి. వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి నీళ్లు కొట్టుకుంటూ కళ్లు మూసుకోగానే ముందుకు తూలడం, చీకట్లో నడవలేకపోవడం కూడా అలాంటివే. పెద్దవాళ్లు దీన్ని ‘నీరసం’ అనేస్తారు. జ్వరం తగ్గాక కూడా తూలు ఉందంటే నీరసం అని సరిపెట్టుకోకండి.

8. పనిచేస్తోందా?

48 నుంచి 72 గంటల్లో జ్వరం తగ్గుముఖం పట్టాలి, ఆకలి వేయాలి, నడుం పక్కన నొప్పి సర్దుకోవాలి. లేదంటే డోసు పెంచమని అడగడం కాదు, స్కాన్ గురించి అడగండి. రాయి అడ్డుపడినా, కిడ్నీ వాచినా, చీము పట్టినా ఎంత మందు వేసినా లోపలికి అందదు. కల్చర్‌లో ఎంటరోకాకస్ అనే వేరే బ్యాక్టీరియా వచ్చిందేమో కూడా మళ్లీ చూడండి, దానికి ఈ మందు ఒక్కటే చాలదు.

జ్వరం తగ్గి, తినగలుగుతుంటే, కల్చర్‌లో ‘ఎస్’ ఉన్న మాత్ర ఏదైనా దొరికితే దానికి మారొచ్చా అని మూడో రోజే అడగండి. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి మొత్తం కోర్సు మామూలుగా 5 నుంచి 7 రోజులు. సూదులూ మాత్రలూ కలిపే ఆ లెక్క.

9. కోర్సు అయ్యాక

లక్షణాలన్నీ పోతే మళ్లీ కల్చర్ అక్కర్లేదు (గర్భిణులకు వేరు). మళ్లీ చేయిస్తే ఏదో ఒకటి పాజిటివ్ వచ్చి మళ్లీ సూదుల దాకా పోతుంది.

చివరి సూది అయిన వారానికి క్రియాటినిన్ ఇంకోసారి చూడండి. చెవిలో మోత, వినికిడి తగ్గడం, తూలు కోర్సు ముగిసిన కొన్ని వారాలకు కూడా మొదలవ్వొచ్చు. అమ్మ అప్పటికి ఊరెళ్లిపోయి ఉంటుంది. అక్కడి ఈఎన్‌టీ డాక్టర్‌కు ‘ఫలానా తేదీల్లో అమికాసిన్ ఇన్ని మిల్లీగ్రాములు, ఇన్ని డోసులు పడ్డాయి’ అని చూపించడానికి నోటుబుక్కులో ఆ పేజీని ఫొటో తీసి, డిశ్చార్జ్ కాగితాలతో పాటు ఆవిడ ఫోన్‌లోనూ పక్కింటి వాళ్ల ఫోన్‌లోనూ వేసి పంపండి.